పేరోల్‌లో 14 మంది, రాత్రి వార్డులో ఇద్దరు

ఈ ఉత్తరం కోస్తాలోని ఒక జిల్లా కేంద్రం నుంచి వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. రాసినావిడ ఎంహెచ్ఏ (ఆసుపత్రి నిర్వహణలో పీజీ) చదివారు. 180 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా సిబ్బంది లెక్కలు చూస్తున్నారు. ప్రతి నెలా 5వ తేదీకల్లా మ్యాన్‌పవర్ రిపోర్టు తయారుచేసి సీఓఓకి (ఆసుపత్రి రోజువారీ నిర్వహణ చూసే పై అధికారి) పంపాలి. పోయిన నెల రివ్యూ మీటింగ్‌లో ఆడవాళ్ల మెడికల్ వార్డు గురించి ఆవిడ పెట్టిన స్లైడులో ఇలా ఉంది: పడకలు 30, ప్రమాణం 1:6 (ఆరు పడకలకు ఒక నర్సు), కావలసిన నర్సులు 5, ఉన్నవారు 14, అదనం 9. అది చూసి సీఓఓ కొత్త నర్సుల నియామకం ఆపేశారు. పదిరోజులు తిరక్కుండానే ఆ వార్డులో రాత్రిపూట ఒక పెద్దావిడ మంచం మీంచి పడిపోయింది. ఫిజీషియన్ ‘హెచ్ఆర్ దొంగలెక్కల వల్లే’ అంటూ ఎండీకి (మేనేజింగ్ డైరెక్టర్) ఉత్తరం రాశారు. నర్సింగ్ సూపరింటెండెంట్ మాట్లాడటం మానేశారు. కన్సల్టెంట్లకు ముందునుంచే కోపం ఉంది. రోగులు ఎన్నిరోజులు ఉంటున్నారో డాక్టర్ల పేర్లతో సహా తెరమీద చూపించింది కూడా ఈవిడే. ఇవన్నీ చాలవన్నట్టు ఆరు వారాల్లో ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) తనిఖీ ఉంది. నర్సుల జాబితాలో కలపమంటూ సీఓఓ 22 పేర్లు పంపారు. అందులో ఎక్కువమంది అనుబంధ నర్సింగ్ కాలేజీ విద్యార్థినులు, నలుగురు ఎప్పుడో మానేసినవాళ్లు. ‘తయారుచేసినవారు’ అన్నచోట ఈవిడ సంతకం కావాలి. ‘అందరూ చేసేదే, పెట్టెయ్’ అంటున్నారట భర్త. ఇంటి లోను ఈఎంఐ నడుస్తోంది. ‘డాక్టర్లకు క్షమాపణ చెప్పాలా? సంతకం పెట్టాలా? ఉద్యోగమే మానేయాలా?’ అని అడుగుతున్నారు.

మీరు మూడు ప్రశ్నలను ఒకే ముడిగా వేసుకున్నారు. స్లైడులోది లెక్క పొరపాటు, దాన్ని దిద్దుకోవచ్చు. డాక్టర్ల పేర్లు తెరమీద వేయడం పద్ధతి పొరపాటు, దాన్ని మార్చుకోవచ్చు. 22 పేర్ల జాబితా పొరపాటు కాదు, తెలిసి చేసే పని. మొదటి రెండింటి గురించి మీకున్న అపరాధభావం మూడోదాంట్లో మిమ్మల్ని మెత్తబరుస్తోందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ‘ఎలాగూ దొంగలెక్కల మనిషినన్న పేరు వచ్చేసిందిగా’ అని రాశారు. ఆ వాక్యం మనసులోంచి తీసేయండి.

ముందు స్లైడు సంగతి. మీరు రాసిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. 14 మంది పేరోల్‌లో ఉన్నమాట నిజం, 1:6 అనే ప్రమాణం వాడుకలో ఉన్నమాటా నిజం. అయితే 1:6 అన్నది షిఫ్టుకు, 14 అన్నది మొత్తం మందికి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చేశారు. ఇది చాలా ఆసుపత్రుల్లో జరిగే పొరపాటే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల్లో కూడా బోధనాసుపత్రి జనరల్ వార్డుకు 1:3 అని రాసి, పక్కనే ‘లేదా షిఫ్టుకు 1:9’ అని ఉంటుంది. సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలని విడిగా చెబుతుంది. ఎవరికి ఏది అనుకూలమైతే అది చదువుకుంటారు. యాజమాన్యం పేరోల్ మొత్తం చూస్తుంది, వార్డు సిస్టర్ తన షిఫ్టు చూస్తుంది.

మీ వార్డు లెక్కే వేసి చూద్దాం. ఒక చోట 24 గంటలూ ఒక నర్సు నిలబడాలంటే ఏడాదికి 365 రోజులు, రోజుకు మూడు షిఫ్టులు, మొత్తం 1,095 డ్యూటీలు. ఒక మనిషి ఏడాదిలో ఎన్ని చేయగలదు? వారాంతపు ఆఫ్‌లు 52 పోతే 313. క్యాజువల్ లీవు, ఆర్జిత సెలవు, పండుగలు, జ్వరాలు కలిపి ఇంకో 38 పోతాయనుకుంటే 275. అంటే ఒక స్థానానికి నలుగురు మనుషులు కావాలి. మీ ఆసుపత్రి సెలవుల నియమాలు వేరైతే 275 బదులు మీ అంకె వేసుకోండి, పెద్దగా తేడా రాదు. షిఫ్టుకు 1:6 చొప్పున 30 పడకలకు 5 స్థానాలు, అంటే పేరోల్‌లో 20 మంది. మీ దగ్గరున్నది 14. ఆ స్లైడు ‘అదనం 9’ అనడం మాని ‘తక్కువ 6’ అనాల్సింది.

ఆ 14లోనూ తరుగుంది. మీరే రాశారు, ఒకరు ఇన్‌చార్జి సిస్టర్, పగలే ఉంటారు, ఇండెంట్లు, రౌండ్లతో సరిపోతుంది. ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. 2017 సవరణ తర్వాత అది 26 వారాలు, అప్పటిదాకా ఆవిడ జీతం, పేరు మీ ఫైల్లోనే ఉంటాయి. ఒకరిని డయాలసిస్‌కు పంపారు కానీ కాస్ట్ సెంటర్ (జీతం ఖర్చు రాసే విభాగం) మార్చలేదు. ఒకరు రాజీనామా ఇచ్చి నోటీసు కాలంలో ఉన్న సెలవులు వాడుకుంటున్నారు. మిగిలింది పదిమంది. పదిమంది ఏడాదికి 2,750 డ్యూటీలు చేస్తారు, రోజుకు ఏడున్నర. పొద్దున ముగ్గురు, సాయంత్రం ఇద్దరు, రాత్రి ఇద్దరు. మీ రిపోర్టులో ఉన్న నిష్పత్తి 1:2.1. పెద్దావిడ పడిపోయిన రాత్రి వార్డులో ఉన్నది 1:15. ఫిజీషియన్‌గారు ‘దొంగలెక్క’ అనడం అన్యాయమే. కానీ ఆయన కంటికి కనబడింది తప్పు కాదు.

ఈ వివరాలు మీకెందుకు తెలియలేదంటే, మీ డేటా పేరోల్ నుంచి, బయోమెట్రిక్ నుంచి వస్తోంది. బయోమెట్రిక్ గేటు దగ్గర ఉంటుంది, వార్డులో ఉండదు. వేలు పెట్టి లోపలికొచ్చిన సిస్టర్‌ని సూపర్‌వైజర్ క్యాజువాలిటీకి పంపినా మీ షీటులో ఆవిడ మెడికల్ వార్డులోనే ఉంటుంది. రాత్రి 8కి వచ్చి పొద్దున 8కి వెళ్లే మనిషి విషయంలో కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పొద్దుటి పంచ్‌ను మరుసటి రోజు హాజరుగా వేసుకుంటాయి. నైట్ ఆఫ్ రోజు ‘గైర్హాజరు’ అని వస్తుంది. డబుల్ డ్యూటీ చేసినావిడ ఒక్క మనిషిగానే లెక్కకొస్తుంది. నెలాఖరుకు మీరు ఇవన్నీ చేత్తో సరిచేస్తున్నానన్నారు. ఆ సరిచేతలకు ఎక్కడా ఆధారం రాసిపెట్టడం లేదనీ మీరే అన్నారు. ఇవాళ్టినుంచి ఆ అలవాటు మార్చుకోండి. మార్చిన ప్రతి గడి పక్కన కారణం, ఎవరు చెప్పారు, తేదీ ఉండాలి.

లెక్క ఎక్కడ తీయాలంటే వార్డులో, హ్యాండోవర్ (ఒక షిఫ్టు మరో షిఫ్టుకు వార్డు అప్పగించే) సమయంలో. అక్కడ ఎలాగూ ఒక రిజిస్టరు ఉంటుంది. కొత్త ఫారం పెట్టకండి, సిస్టర్లు ఇప్పటికే రాసి రాసి విసిగిపోయి ఉంటారు. ఉన్న రిజిస్టరులోనే నాలుగు గళ్లు చాలు. ఈ షిఫ్టులో మంచాల దగ్గరున్న రిజిస్టర్డ్ నర్సులెందరు, సహాయకులు, విద్యార్థినులు ఎందరు (వీళ్లు వేరే గడిలో, కలపకూడదు), ఎవరినైనా వేరే వార్డుకు ఇచ్చారా, డబుల్ డ్యూటీలో ఎవరున్నారు. రోగుల సంఖ్య దగ్గర మాత్రం జాగ్రత్త. మీరు అర్ధరాత్రి సెన్సస్, అంటే ఆ సమయానికి వార్డులో ఉన్న రోగుల లెక్క తీసుకుంటున్నారు. పొద్దున 28 మంది ఉన్న వార్డులో 8 డిశ్చార్జిలు, 9 అడ్మిషన్లు అయితే అర్ధరాత్రి లెక్క 29. ఆ రోజు సిస్టర్లు చూసింది 37 మందిని. డిశ్చార్జి సమ్మరీ, బిల్లు క్లియరెన్సు, కొత్త రోగికి క్యాన్యులా, కేస్‌షీటు, ఇవన్నీ ఆ 29లో కనపడవు. అడ్మిషన్లు, డిశ్చార్జిలు పక్కనే రాయించండి.

ఈ అర్ధరాత్రి సమస్య మనదొక్కటే కాదు. ఇంగ్లండులో రోగుల సంరక్షణ ఘోరంగా దెబ్బతిన్న స్టాఫోర్డ్ ఆసుపత్రి వ్యవహారం మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో వచ్చింది. అక్కడి బోర్డు ఖర్చులు, లక్ష్యాలు, ఫౌండేషన్ ట్రస్టు (ఎక్కువ స్వయంప్రతిపత్తి ఉండే ప్రభుత్వాసుపత్రి) హోదా మీద దృష్టి పెట్టి సిబ్బందిని తగ్గించుకుంటూ పోయింది. వార్డుల్లో ఏం జరుగుతోందో దానికి పట్టలేదు. ఆ తర్వాత 2014 నుంచి అక్కడి ఆసుపత్రులు వార్డువారీగా, పగలూ రాత్రీ విడివిడిగా, అనుకున్న సిబ్బంది ఎంత, నిజంగా ఉన్నది ఎంత అని ప్రతి నెలా బయటపెట్టడం మొదలుపెట్టాయి. 2016 నుంచి ఒక రోగికి రోజుకు ఎన్ని గంటల నర్సింగ్ అందిందో కూడా లెక్కగడుతున్నారు. మొత్తం నర్సింగ్ గంటలను అర్ధరాత్రి ఉన్న రోగుల సంఖ్యతో భాగిస్తారు. ఆ పద్ధతిలోనూ పైన చెప్పిన లోపం ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది: నర్సుల కొరతను సహాయకులతో నింపితే, అనుకున్న సిబ్బందిలో నిజంగా ఉన్నవారి మొత్తం శాతం వందకు పైనే కనిపిస్తుంది. మీ దగ్గర చదువుకుని అక్కడికి వెళ్లిన సిస్టర్లు ఎవరైనా ఉంటే అడగండి, ఈ షీట్లు వాళ్లకు బాగా తెలుసు.

ఆసుపత్రంతా ఒకేసారి మొదలుపెట్టకండి. ఆ మెడికల్ వార్డు, ఐసీయూ, ఈ రెండు చోట్ల రెండు వారాలు చేయండి. ఆ రెండు వారాల రిపోర్టులో సగటు వేయకండి. సగటు వేస్తే రాత్రులు మాయమైపోతాయి. అందరూ ఒప్పుకున్న కనీస సంఖ్య కంటే తక్కువగా ఎన్ని షిఫ్టులు నడిచాయో రాయండి. ‘14 రాత్రుల్లో 9 రాత్రులు ఇద్దరే’ అన్న వాక్యాన్ని ఏ సీఓఓ కూడా ‘అదనం’ అని చదవలేరు. ఒక్క ముందస్తు హామీ మాత్రం ఎండీ నుంచో, మెడికల్ సూపరింటెండెంట్ నుంచో తీసుకోవాలి. రిజిస్టరులో ‘ఒకరు తక్కువ’ అని రాసిన ఇన్‌చార్జికి మెమో ఇవ్వకూడదు. ఒక్క మెమో వెళ్లిందంటే మరుసటి నెల నుంచి అన్ని వార్డులూ నిండుగా కనిపిస్తాయి, మీ డేటా అక్కడితో చచ్చిపోతుంది.

సీఓఓ పక్షం కూడా చూడాలి. ఆయన్ని మీరు ఉత్తరంలో దుర్మార్గుడిగా చిత్రించలేదు, అది బాగుంది. నియామకాలు ఆపినాయన ఎదురుగా ఉన్నది మీ స్లైడు. దాన్నిబట్టి ఎవరైనా అదే చేస్తారు. ఆయనకు డబ్బు భాషలో చెప్పండి. నెలలో డబుల్ డ్యూటీలకు ఎంత ఇచ్చారు? ఏడాదిలో ఎందరు మానేశారు, ఎన్నో నెలలో? ఐసీయూలో ఒంటరిగా వదలగలిగేంత తర్ఫీదుకు ఎన్ని వారాలు పడుతోంది? నర్సులు పోవడానికి గల్ఫ్, యూకే, జర్మనీలే కారణం కాదు, సర్కారు నోటిఫికేషన్లూ ఉన్నాయి. 2024 జనవరి చివర తెలంగాణ ప్రభుత్వం దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. అలాంటి నోటిఫికేషన్ వచ్చిన ఏడాది ప్రైవేటు ఆసుపత్రిలో నియామకం ఆపితే తర్వాత మనిషి దొరకడం కష్టం. ఈ మాట ఆయనకు ముందే చెప్పాల్సింది మీ సీట్లో ఉన్నవాళ్లే.

డాక్టర్లకు క్షమాపణ గురించి. ఫిజీషియన్‌గారికి మెయిల్ పెట్టి పదిమందికి కాపీ పెట్టకండి. ఓపీ మధ్యలో కూడా వెళ్లకండి. రౌండ్లు అయ్యాక, నర్సింగ్ సూపరింటెండెంట్‌గారిని కూడా కూర్చోబెట్టి, ఆ వార్డు డ్యూటీ రోస్టర్ కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి. ‘సార్, షిఫ్టు ప్రమాణాన్ని మొత్తం పేరోల్‌తో పోల్చాను. సరైన లెక్క ఇదీ. ఇకనుంచి రోస్టర్ అంకె మేడమ్ సంతకంతో వస్తుంది, నేను దాన్ని మార్చను’ అని చెప్పండి. అంతకుమించి సాగదీయొద్దు. పెద్దావిడ పడిపోవడానికి మీ స్లైడే కారణమన్న నిందను మాత్రం నెత్తిన వేసుకోకండి. ఆవిడ పడేనాటికి నియామకాలు ఆపి పదిరోజులైనా కాలేదు. ఆ వార్డులో రాత్రి ఇద్దరే ఉండటం అంతకు ముందునుంచీ ఉంది. ఆ రెండు తేదీలూ రోస్టర్లోనే కనిపిస్తాయి. సూపరింటెండెంట్‌గారి అలక తీరడానికి కొంచెం సమయం పడుతుంది. ఆవిడ కోపం లెక్క మీద కాదు, తన వార్డు గురించి తనను అడక్కుండా మీటింగ్‌లో పెట్టారన్నదే. ఇకమీద ఏ స్లైడైనా రెండురోజుల ముందు ఆవిడ చేతికి వెళ్లాలి.

కన్సల్టెంట్ల విషయంలోనూ ఇదే సూత్రం. పేర్లతో ఉన్న పట్టిక ముందు ఎవరిదివారికి, ఒంటరిగా చూపించాలి. పైగా చిన్న సంఖ్యల్లో సగటు మోసం చేస్తుంది. ఒక డాక్టరు దగ్గర నెలకు ఆరుగురు చేరారు, ఐదుగురు నాలుగేసి రోజులు ఉన్నారు, ఒక్కరు పక్షవాతంతో 40 రోజులు ఉన్నారు. సగటు 10 రోజులు. తెరమీద ఆ డాక్టరు అందరికంటే నిదానంగా చూసే మనిషిలా కనిపిస్తారు. మధ్య విలువ (అంకెలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేది) తీస్తే 4 వస్తుంది. ఇంకో మాట, ప్రొఫెషనల్ ఫీజు మీద వచ్చి, మరో రెండు ఆసుపత్రులకు కూడా వెళ్లే కన్సల్టెంట్‌ను ‘ఫుల్ టైమ్’ గడిలో వేస్తున్నారేమో కూడా చూసుకోండి.

ఇక 22 పేర్లు.

సంతకం పెడితే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు, మీవారి మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ తనిఖీకి వచ్చేవాళ్లు జాబితా చూసి వెళ్లిపోరు. సిబ్బంది ఫైళ్లు తీయమంటారు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూస్తారు, డ్యూటీ రోస్టరుతో పోలుస్తారు, వార్డులోకి వెళ్లి ఎదురైన అమ్మాయిని ‘ఎన్నాళ్లనుంచి చేస్తున్నావు, నిన్న ఏ షిఫ్టు’ అని అడుగుతారు. చదువు పూర్తికాని అమ్మాయికి రిజిస్ట్రేషన్ నంబరే ఉండదు. మానేసిన నలుగురి పేర్లు మీరు ప్రతి నెలా 15లోపు వేసే పీఎఫ్ రిటర్నులో ఉండవు. తనిఖీ గట్టెక్కినా అసలు ప్రమాదం తర్వాత ఉంది. రేపు ఏ కేసో కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్తే ఈ జాబితా, ఆ రాత్రి రోస్టరు పక్కపక్కన పెడతారు. అప్పుడు అడిగేది కింద సంతకం ఎవరిదని. 22 పేర్లు పంపిన మెయిల్ సీఓఓదే అయినా, కాగితం మీద ఉండేది మీరు.

‘నేను పెట్టను’ అని మొహం మీద చెబితే? అది నిజాయితీగా ఉన్నమాట వాస్తవమే, కానీ ఆ జాబితా వేరొకరి సంతకంతో వెళ్లిపోవచ్చు. మీకు అప్రైజల్‌లో దెబ్బ తగలొచ్చు, బదిలీ కావచ్చు. ప్రైవేటు ఆసుపత్రిలో ఇలాంటివి బయటపెట్టిన ఉద్యోగిని కాపాడే చట్టం మన దగ్గర బలంగా లేదని గుర్తుంచుకునే నిర్ణయం తీసుకోండి.

ఇంకో దారి ఉంది, నాకు ఎక్కువ నచ్చింది అదే. జాబితాను తిరస్కరించకుండా నింపి తిరిగి పంపండి. పేరు పక్కన అర్హత, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, చేరిన తేదీ, ప్రస్తుత వార్డు, ప్రస్తుత స్థితి అని గళ్లు పెట్టండి. విద్యార్థినులను ‘శిక్షణలో ఉన్నవారు’ అన్న వేరే శీర్షిక కింద వేయండి, మానేసినవారి దగ్గర మానేసిన తేదీ రాయండి. మెయిల్లో రెండు వాక్యాలు చాలు: ‘సార్, మీరు పంపిన పేర్లను ఫైళ్లతో సరిచూశాను. రిజిస్ట్రేషన్, సర్వీసు వివరాలు లేనివి విడిగా చూపాను, ఏవైనా మిస్సయి ఉంటే ఫైలు పంపితే కలుపుతాను.’ కోపం, ఉపన్యాసం ఏమీ వద్దు. కాపీ క్వాలిటీ మేనేజర్‌కు పెట్టండి, తనిఖీ కాగితాలు చివరికి చేరేది వాళ్ల దగ్గరికే కాబట్టి అది సహజంగానే ఉంటుంది. ఖాళీ గళ్లున్న పట్టిక రాతపూర్వకంగా ఒకసారి చేతులు మారాక, ఆ పేర్లను మళ్లీ కలపమని మెయిల్లో అడిగేవాళ్లు తక్కువ. ఫోన్‌లో అడగొచ్చు. అడిగితే, ‘ఇందాక ఫోన్‌లో చెప్పిన ప్రకారం’ అంటూ అదే రోజు చిన్న మెయిల్ వేయండి.

దీనితోపాటే సీఓఓకి బయటపడే దారి కూడా చూపించండి. నర్సుల కొరత ఉందని నిజం చెప్పి, నియామక ప్రణాళిక జతచేస్తే, తనిఖీలో అది లోపంగా నమోదవుతుంది, సరిదిద్దుకోవడానికి గడువు ఇస్తారు. లోపం రాసినంత మాత్రాన ఆసుపత్రి మూతపడదు. తప్పుడు జాబితా దొరికితే మాత్రం మిగతా కాగితాలన్నిటి మీదా అనుమానం వస్తుంది. ఆరు వారాల్లో ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి కొందరినైనా చేర్చుకోవచ్చు. 22 పేర్లలో ఫలితాలు వచ్చి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే వాళ్లను నిజంగానే ఉద్యోగంలోకి తీసుకోవచ్చు, ఆ మాట మీరే సూచించండి.

ఇవన్నీ చేశాక కూడా ‘సంతకం పెట్టు, లేకపోతే వెళ్లు’ అన్నారనుకోండి, అప్పుడు ఎండీ దగ్గరికి ఒక్కసారి నేరుగా వెళ్లండి. జాబితా సంగతి ఆయనకు తెలియకుండానే నడుస్తోందేమో. అక్కడా అదే మాటైతే మీ ప్రశ్న ఉద్యోగం మానాలా వద్దా అన్నది కాదు, ఎప్పుడు మానాలన్నదే. ఈ నెలలోనే రెజ్యూమె బయటికి పంపడం మొదలుపెట్టండి. చేతిలో ఆఫరు లేకుండా రాజీనామా ఇవ్వకండి. అపాయింట్‌మెంట్ ఆర్డరులో నోటీసు కాలం ఎంతో, దాని బదులు ఎన్ని నెలల జీతం కట్టాలో చూసుకుని, అన్ని నెలల ఈఎంఐలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి. మీకు వచ్చిన ఆదేశాలు ఏ తేదీన, ఎవరు, ఏమన్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి, రోగుల వివరాలున్న ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకండి, అది మీ మీదికే తిరుగుతుంది.

వరుస కూడా ముఖ్యం. 22 పేర్ల జవాబు మెయిల్ ముందు వెళ్లాలి, ఈ వారమే. ఫిజీషియన్‌గారిని కలవడం ఆ తర్వాత. తిరగేసి చేస్తే, డాక్టర్ల అండ చూసుకుని ఎదురుతిరిగిందన్న మాట సీఓఓ నోట వస్తుంది. అప్పుడు జాబితా సంగతి పక్కకుపోయి మీ సంగతే చర్చ అవుతుంది.